కాళ్ళల్లో మిషను

కాజాల పెద్దమ్మకు చేతులు వణకడం మొదలైనప్పుడు ఆ మానసిక వైద్య నిలయంలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. డెబ్బై మూడేళ్ళ మనిషికి వణక్కపోతే ఆశ్చర్యపడాలి గాని, అన్నారు. నోటి పక్క నుంచి చొంగ కారినప్పుడూ అదే మాట. కూర్చోమంటే కూర్చోలేక వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిరగడం మొదలుపెట్టినప్పుడు మాత్రం, జబ్బు ముదిరింది అన్నారు. ముసలితనం ఒక గోనెసంచి. ఏది ఎక్కడ పెట్టాలో తెలియనప్పుడు అందులో పడేస్తారు. అందులో పట్టనిది మిగిలితే, పిచ్చి అని ఇంకో సంచి ఎలాగూ ఉంది.

పద్నాలుగు నెలలుగా ఈ మాటలన్నీ విని తలూపి ఇంటికి పోతూ వచ్చింది సూది. సూది అంటే పెద్దమ్మ చెల్లెలి కూతురు. చిన్నప్పుడు పుల్లలా ఉండేదని, ఎవరేమన్నా చురుక్కున జవాబు చెప్పేదని పెద్దమ్మే పెట్టిన పేరు. ఇప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. పుల్లలాగా లేదు, చురుకూ తగ్గింది, పేరు మాత్రం మిగిలింది. బట్టలు సరిచేసే దుకాణం ఆమెది. పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పులు మార్చడం. దుకాణం వెనక రెండు గదుల్లో పెద్దమ్మా తనూ ఉండేవాళ్ళు.

పెద్దమ్మకు ముప్పై ఏళ్ళప్పుడు లేని మనుషుల గొంతులు వినిపించాయి. స్కిజోఫ్రీనియా అన్నారు. ఒక మాత్ర ఇచ్చారు. దాని గురించి పెద్దమ్మ ఎప్పుడూ దాచలేదు. "గొంతులు పోలేదే సూదీ, పక్కింటివాళ్ళ రేడియో లాగా ఉంటాయి. వినిపిస్తాయి గాని వినక్కర్లేదు" అనేది. ఆ ఒక్క మాత్ర మీద నలభై ఏళ్ళు కాజాలు కుట్టింది, చేత్తో. కోటుకు ఆమె కాజా కుడితే గుండీ లోపలికి వెళ్ళేటప్పుడు చిన్న చప్పుడు చేసేది. పేరున్న దర్జీలు కోట్లు తెచ్చి ఆమె ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు.

తర్వాత దుకాణం మెట్ల మీద జారింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను వార్డులో తొమ్మిది రోజులు ఉంచారు. ఎముక అతికించినవాళ్ళు ఎముకే చూశారు. ఆ తొమ్మిది రోజులూ ఆమె మాత్ర ఎవరూ ఇవ్వలేదు. సూది మొదటి రోజే మందు పేరు కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితం మీద ఎవరో టీ కప్పు పెట్టారు. పదో రోజుకి పక్కింటి రేడియో ఇంట్లోకి వచ్చేసింది. పెద్దమ్మ కట్లు పీకేసుకుంది. అక్కడినుంచి ఈ నిలయానికి పంపారు, కుదుటపడేదాకా అని.

ఆ మంగళవారం సూది వెళ్ళేసరికి 'అలాగే' సిస్టర్ ఎదురొచ్చింది. ఏం చెప్పినా "అలాగే" అంటుంది గనక ఆమెకు ఆ పేరు. కిటికీ మూయమంటే అలాగే, తెరవమంటే అలాగే. చేతిలో ఫైలు, ఫైలు మీద ఒక కాగితం.

"మీరొచ్చారా, మంచిదైంది. ఇక్కడ సంతకం పెట్టాలి. గురువారం నుంచి పెద్దావిడకి నెలకో ఇంజెక్షను మొదలుపెడుతున్నారు."

"మాత్రల బదులా?"

"కాదు, మాత్రలతో పాటు. ఇంజెక్షను నెలంతా ఒంట్లో పనిచేస్తుంది."

"పడకపోతే?"

"పడకపోతే..." సిస్టర్ ఆగింది. "ఒకసారి ఎక్కాక వెనక్కి తీయలేం కదండీ. దానంతటది దిగాల్సిందే."

సూది కలం తీసుకుంది. సంతకం పెట్టే చోటు వెతుకుతుంటే, పైన 'కారణం' అన్న చోట రాసింది కనిపించింది: *ఏదో యంత్రం తన కాళ్ళను నడుపుతోందన్న భ్రమ. రెండు మందులు వాడినా తగ్గలేదు.*

కలం అక్కడే ఆగిపోయింది.

"ఈ మాట ఎవరు చెప్పారు? యంత్రం అని?"

"పెద్దావిడే. రోజూ చెబుతుంది. కాళ్ళల్లో మిషను ఆడుతోంది, ఆపండి, ఆపండి అని."

సూదికి ఒక్క క్షణం నవ్వొచ్చింది.

కాలితో మిషను తొక్కేవాళ్ళు ఎవరైనా చెప్పే మాట అది. పొద్దుటినుంచి తొక్కి లేచాక కూడా కాళ్ళు ఊరుకోవు. మంచం మీద పడుకున్నా పాదాలు తొక్కుతూనే ఉంటాయి. 'ఇవాళ కాళ్ళల్లో మిషను ఆడుతోందే' అంటారు, కాసేపు పిసకమంటారు. కాజాలు చేత్తో కుట్టినా మిగతా కుట్టంతా పెద్దమ్మ మిషను మీదే. సూది చిన్నప్పుడు ఆ కాళ్ళు పిసికే పని తనదే. ఆ మాట ఒక భ్రమ అయితే ఊళ్ళో దర్జీలందరినీ తెచ్చి ఈ మంచాల మీద పడుకోబెట్టాలి.

"ఆ ఫైలు ఒకసారి ఇస్తారా?"

"అలాగే" అంది సిస్టర్ అలవాటుగా. తర్వాత నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే ఫైలు సూది చేతిలో ఉంది.

మొదటి పేజీలో పేరు, వయసు. వృత్తి: *లేదు.*

సూది ఆ రెండక్షరాలనీ చాలాసేపు చూసింది. తర్వాత పేజీలు తిప్పింది. మందుల పేర్లు ఆమెకు అర్థం కాకపోయినా తేదీలు, అంకెలు అర్థమయ్యాయి. కొలతలు చదవడం ఆమె పనే కదా. మొదటి వారం రాత చక్కగా ఉంది: *పాత మాత్ర నెల రోజుల్లో మెల్లగా తగ్గించి ఆపాలి. కొత్త మాత్ర మెల్లగా పెంచాలి.* కొత్తది పెరిగింది. పాతది రెండో వారం కొంచెం తగ్గింది. మూడో వారం డాక్టరు సెలవులో ఉన్నాడు, ఇంకెవరో వచ్చి *అదే* అని రాశారు. నాలుగో వారం *అదే*. ఆ తర్వాత పేజీ పేజీకీ *అదే, అదే, అదే.* పాత మాత్ర పోలేదు. పొమ్మని చెప్పినవాడు మరిచిపోయిన చుట్టంలాగా ఇంట్లోనే ఉండిపోయింది.

మూడో నెలలో *కాళ్ళల్లో యంత్రం* మొదటిసారి వచ్చింది. కొత్త మాత్ర పెంచారు. వరండాలో తిరగడం ఎక్కువైంది. మళ్ళీ పెంచారు. చేతులు వణికాయి. వణుక్కి ఇంకో మాత్ర. ఆ మాత్రతో నోరు ఎండిపోయింది, మాట తడబడింది, రోజులు గుర్తుండడం మానేశాయి. *మతిమరుపు మొదలు* అని రాశారు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. ఎద్దు ఎలా ఈనుతుందని అడిగినవాడు ఒక్కడూ లేడు.

"ఇదేంటి సిస్టర్? పాతది ఆపాలని రాసుంది కదా ఇక్కడ. ఎందుకు ఆపలేదు?"

సిస్టర్ తొంగి చూసింది. ఆమె ముఖం మారింది. "నేను ఈ వార్డుకి వచ్చి ఆరు నెలలే. వచ్చేసరికి రెండూ ఉన్నాయి. ఉన్నాయంటే ఉండాలి కాబోలు అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా" అంది సూది. ఆ మాట అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. ఎవరైనా తెచ్చిన గుడ్డని రెండుసార్లు కొలవకుండా కత్తెర పెట్టదు తను.

పెద్దమ్మ వరండా చివర్న ఉంది. ఎవరో పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. కూర్చుంది గాని పాదాలు కూర్చోలేదు. మడమ, మునివేలు, మడమ, మునివేలు. చెప్పుల కింద నేల నున్నగా అరిగిపోయి ఉంది. పక్క కుర్చీలో టీచరమ్మ ఉంది, ఎవరూ చూడ్డానికి రాని మనిషి. ఆమె కుర్చీలో ఉండడం తక్కువ, లేచి గది తలుపుల దగ్గరికి వెళ్ళి వెనక్కి రావడం ఎక్కువ.

సూది నేల మీద కూర్చుని పెద్దమ్మ రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకుంది. చేతుల కింద అవి కొట్టుకుంటున్నాయి, పట్టిన పిచ్చుకల్లాగా.

"పెద్దమ్మా, మిషను ఎవరు ఆడిస్తున్నారు?"

పెద్దమ్మ మెల్లగా ముఖం తిప్పింది. పెదవులు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. "ఎవరాడిస్తారే? నీకూ మతి పోయిందా? కాళ్ళే ఆడుతున్నాయి. కూర్చుంటే కుర్చీ తోసేస్తోంది. పడుకుంటే మంచం తోసేస్తోంది. నుంచుంటే కాస్త నయం."

"మరి డాక్టరుకి ఆ మాట చెప్పలేకపోయావా?"

"చెప్పాను. ఏ మిషను అన్నాడు. కుట్టుమిషను అన్నాను. ఎక్కడుంది అన్నాడు. కాళ్ళల్లో అన్నాను." నాలుక తడుపుకుంది. "రాసుకున్నాడు. చాలా శ్రద్ధగా రాసుకున్నాడే, పాపం."

సూది తల దించుకుంది. పెద్దమ్మ వణికే చెయ్యి ఆమె జుట్టు మీద పడింది.

"గురువారం ఇంజెక్షను వేస్తారట పెద్దమ్మా."

"నా బతుక్కి ఒక సూది చాలదా? ఇంకో సూది ఎందుకు?" అంది పెద్దమ్మ. నవ్వబోయింది. చొంగ కారింది. సూది తన పైట చెంగుతో తుడిచింది.

బుధవారం దుకాణం మూసేసి డాక్టరు గది ముందు కూర్చుంది సూది. రెండు గంటలు కూర్చుంది. లోపలికి పిలిచినప్పుడు సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టింది. డాక్టరు చెడ్డవాడేం కాదు, అలసిపోయిన మనిషి. బల్ల మీద ఎనభై ఫైళ్ళు, వాటి వెనక కళ్ళజోడు.

"సంతకం పెట్టలేదేం అమ్మా?"

"పెట్టను."

"చూడమ్మా, మీ పెద్దమ్మగారి మంచికే. రెండు మందులకీ లొంగని జబ్బు ఇది."

"లొంగకపోవడానికి జబ్బు ఏం చేసిందండీ? ఆవిడకి జబ్బు గొంతులు వినిపించడం. గొంతుల గురించి ఈ ఏడాదిలో ఈ ఫైల్లో ఒక్క ముక్క ఉందా? నేను చదివాను, లేదు. అన్నీ కాళ్ళ గురించే. కాళ్ళు ఎప్పటినుంచి ఆడుతున్నాయో చూడండి. మీరు రెండు మాత్రలూ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాకే."

"ఆ యంత్రం గురించిన భ్రమ..."

"భ్రమ కాదు." సూది కుర్చీ వెనక్కి జరిపింది. అంతమంది రోగుల్ని చూసిన ఆ గదిలో ఆమె పాదాలు నేలకానించి మడమ, మునివేలు, మడమ, మునివేలు తొక్కడం మొదలుపెట్టింది. "ఇది కుట్టుమిషను. ఇలా పొద్దుటినుంచి తొక్కితే, లేచాక కూడా కాళ్ళు ఆగవు. దాన్ని మేం కాళ్ళల్లో మిషను ఆడుతోంది అంటాం. అంతే. మీకు తల తిరుగుతోందని ఎవరైనా అంటే, మెడ మీద తల గుండ్రంగా తిరుగుతోందని రాస్తారా?"

డాక్టరు ఆమె పాదాల వైపు చూశాడు. ఫైలు మొదటి పేజీ తెరిచాడు.

"వృత్తి దగ్గర 'లేదు' అని ఉంది" అన్నాడు. "ఆవిడ దర్జీ అని నాకెలా తెలుస్తుంది?"

"అడిగితే తెలుస్తుంది!"

ఆ అరుపు బయటి బెంచీల దాకా వినిపించింది. సూదికే భయం వేసింది. అయినా ఆపలేదు. ఇన్నాళ్ళ తలూపుళ్ళన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"నలభై ఏళ్ళు కుట్టిందండీ ఆవిడ. మీ ఒంటి మీదున్న ఆ కోటు కాజాలు చూడండి, దారాలు లేచిపోతున్నాయి. మా పెద్దమ్మ కుట్టినవైతే మీ కోటు చిరిగినా అవి చిరగవు. ఆవిడ నోటితో చెప్పింది, కుట్టుమిషను అని. మిషను ఎక్కడుందని అడిగారు గాని, మిషను ఎందుకు గుర్తొచ్చిందని అడగలేదు. పిచ్చిది కదా, ఏం చెప్పినా పిచ్చే. మా అమ్మ చెబితే కాళ్ళ నొప్పి, మా పెద్దమ్మ చెబితే జబ్బు!"

డాక్టరు కోటు వైపు చూసుకోలేదు గాని, చెయ్యి దానంతటదే గుండీ మీదికి వెళ్ళింది.

"నేను మందు వద్దనడం లేదు" అంది సూది, ఈసారి మెల్లగా. "ఒక్క మాత్ర ఆవిడకి నలభై ఏళ్ళ బతుకు ఇచ్చింది. అది తప్పినందుకే కదా ఇక్కడికొచ్చాం. కానీ పాతది ఆపాలని మీరే రాశారు. మీ రాతే. ఎందుకు ఆపలేదో చెప్పండి. ఆలోచించి రెండూ ఉంచారా, మరిచిపోయి ఉంచారా?"

డాక్టరు పేజీలు తిప్పాడు. *అదే. అదే. అదే.* తన చేతిరాతా ఉంది అందులో, ఎక్కువ పేజీల్లో.

"కొన్నిసార్లు రెండూ కావాలనే ఇస్తాం" అన్నాడు చివరికి. "ఇక్కడ..." కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇక్కడ కావాలని ఇవ్వలేదు. మార్చేటప్పుడు మధ్యలో ఆగిపోయాం."

"మధ్యలో పద్నాలుగు నెలలు."

"అవునమ్మా." తర్వాత అన్నాడు, "ఈ వయసులో ఇలా కలిస్తే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. ఆ తిరగడం మందు వల్లే అయ్యుండొచ్చు. నేను చూడాల్సింది."

అతను ఇంజెక్షను కాగితాన్ని నిలువుగా రెండు ముక్కలు చేశాడు. ఒకటి ఉంచి ఇంకొకటి వారాల మీద తగ్గించాలనీ, ఒక్కసారిగా ఆపితే ప్రమాదమనీ, గొంతులు మళ్ళీ పెరగొచ్చు, కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పాడు. వణుకు మాత్ర కూడా మెల్లగా తీసేద్దామన్నాడు. సూది ప్రతి ముక్కా కొలతలు రాసుకునే పుస్తకంలో రాసుకుంది.

"పెదవులు అలా ఆడడం తగ్గుతుందా?"

"చెప్పలేను. కొందరికి ఉండిపోతుంది."

ఆమె కలం ఆపింది. ఆ జవాబుకి ఏ తిట్టూ సరిపోలేదు.

"అయితే ఆ యంత్రం మాట కొట్టేయండి."

"ఫైల్లో రాసింది కొట్టేయకూడదమ్మా. రూలు."

"తప్పు రాయొచ్చు, కొట్టేయకూడదా? మంచి రూలే." లేచి నిలబడింది. "కింద రాయండి అయితే. నా ముందే రాయండి."

అతను రాశాడు. *రోగి దర్జీ. 'కాళ్ళల్లో మిషను' అనేది వృత్తి మాట. భ్రమ కాదు.* తర్వాత మొదటి పేజీకి వెళ్ళి, 'లేదు' పక్కన గీత పెట్టి *కాజాలు* అని రాశాడు. అక్షరాలు చూసి, "కాజాలు కుట్టడం అని రాయాలేమో" అన్నాడు. "కాజాలు చాలు, అందరికీ తెలుసు" అంది సూది.

ఏడు వారాలు పట్టింది. రెండో వారంలో పెద్దమ్మ ఏడ్చింది, నాలుగో వారంలో కసిరింది. ఐదో వారంలో భోజనం అయిపోయేదాకా కుర్చీలో కూర్చుంది. అది చూసి 'అలాగే' సిస్టర్ గోడకానుకుని నిలబడిపోయింది. ఏడో వారంలో సూది ఒక గుడ్డముక్క, దారం, కుట్టుసూది తెచ్చింది. పెద్దమ్మ పాదాలు నేల మీద కదలకుండా ఉన్నాయి. పెదవులు మాత్రం నములుతూనే ఉన్నాయి. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతోంది. అయినా కాజా అంచు చుట్టూ కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోయింది. అయ్యాక కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇది కాజా కాదు. కుక్క ఆవలించినట్టుంది."

"బాగానే ఉంది పెద్దమ్మా."

"అబద్ధాలాడకే. ఆ గొంతు కూడా అదే అంటోంది, వంకరగా ఉందని."

సూది చప్పున తలెత్తింది. "గొంతు వినిపిస్తోందా? మళ్ళీనా?"

"అప్పుడప్పుడు. పక్కింట్లోనే ఉందిలే." పెద్దమ్మ కుట్టు విప్పడం మొదలుపెట్టింది. "అది చెప్పింది నిజమే కదా మరి. వంకరే."

సిస్టర్‌కి చెప్పింది సూది. సిస్టర్ పెద్దమ్మ మాటలే ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది, 'పక్కింట్లోనే ఉంది' అన్నది కూడా. డాక్టరుకి ఇవాళే చూపిస్తానంది. వచ్చే నెల ఇంటికి తీసుకెళ్ళొచ్చేమో అని కూడా అంది.

పక్కనుంచి టీచరమ్మ లేచింది. తలుపు దాకా వెళ్ళింది, వెనక్కి వచ్చింది, కూర్చుంది, లేచింది. "గంట కొట్టేశారు, గంట కొట్టేశారు" అంటోంది. "క్లాసుకి పోవాలి." నాలుగేళ్ళుగా అంటోందట. చీర కుచ్చిళ్ళ కింద ఆమె మడమలు నిలవడం లేదు. ఇన్ని నెలలు పక్క కుర్చీలో ఉన్న మనిషి పాదాల వైపు సూది మొదటిసారి చూసింది. తర్వాత వరండా పొడుగునా చూసింది. పదకొండు కుర్చీలు. ఎన్ని కుర్చీల కింద నేల నున్నగా అరిగి ఉందో లెక్కపెట్టబోయి మానేసింది.

"సిస్టర్, టీచరమ్మగారికి ఎన్ని మందులు?"

"మూడు."

"ఆవిడ ఫైల్లో వృత్తి దగ్గర ఏముంది?"

సిస్టర్ ఆ ఫైలు ఇవ్వలేదు. ఇవ్వకూడదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గదిలోకి వెళ్ళి తానే చూసి వచ్చింది. "అక్కడా 'లేదు' అనే రాసుంది" అంది.

"ఆవిడకి సంతకం పెట్టేవాళ్ళెవరు?" అడిగింది సూది.

"ఎవరూ లేరు. డాక్టరుగారే పెడతారు."

పెద్దమ్మ దారం కొరికి తెంపింది. "ఏయ్ సిస్టరమ్మా" అంది, "ఆ టీచరుకి గంట ఎక్కడ కొడుతోందో కాస్త అడుగు. చెవుల్లోనా, కాళ్ళల్లోనా?"

సిస్టర్ ఆ రోజు "అలాగే" అనలేదు. జేబులోంచి కలం తీసి, టీచరమ్మ తలుపు దగ్గరినుంచి తిరిగొచ్చేదాకా కుర్చీ పక్కన నిలబడింది.